మధ్యాహ్నం రెండింటికి దిగే పాదరసం

ఆ ఏడాది మా యూనివర్సిటీ కెమిస్ట్రీ డిపార్ట్‌మెంటులో హైడ్రోజన్ మీద పరిశోధన చేయడానికి ఖాళీ ఒక్కటే ఉంది. దానికి దరఖాస్తు పెట్టుకున్నది కూడా నేనొక్కదాన్నే. అయినా అది నాకు దక్కుతుందన్న నమ్మకం నాకు లేదు, మా సారుకు అంతకన్నా లేదు.

ఇప్పుడు ఈ విషయం మీద చదువుకుంటామంటూ పిల్లలు నా దగ్గరికి వస్తుంటారు. ఎక్కడెక్కడ సీట్లున్నాయి, ఎవరి దగ్గర చేరితే మంచిది, ఏ లోహానికి గిరాకీ ఉంది అని అడుగుతారు. చెప్పాల్సింది చెప్పి పంపిస్తాను. నాకు సీటెలా వచ్చిందో మాత్రం ఎవరికీ పూర్తిగా చెప్పలేదు. మొదలుపెడితే మధ్యలో నవ్వొచ్చి ఆగిపోతాను, వాళ్ళేమో ఈవిడకు వయసు మీద పడిందనుకుంటారు. అందుకని రాసి పెడుతున్నాను.

అరవైల చివరి సంవత్సరాలవి. నాతో ఎమ్మెస్సీ పాసైనవాళ్ళంతా మందుల వెనకో రంగుల వెనకో పడ్డారు. ఆ రెండింట్లో డిగ్రీ చేతికి రాకముందే ఫ్యాక్టరీవాళ్ళు పిలిచి ఉద్యోగాలిస్తున్నారు. హైడ్రోజన్‌ను లోహంలో దాచిపెట్టవచ్చునన్న మా సారు మాట ఎవరి చెవికీ ఎక్కలేదు. ఆయన కోస్తా నుంచి వచ్చి తార్నాకలో స్థిరపడ్డ మనిషి. కొన్నాళ్ళు పై దేశంలో పనిచేసి, వచ్చేటప్పుడు అందరిలా రేడియోలు, కెమెరాలు తెచ్చుకోకుండా ఒక ట్రంకు పెట్టె నిండా గాజు గొట్టాలు తెచ్చుకున్నారు. క్లాసులో ఒకసారి జేబులోంచి అగ్గిపెట్టె తీసి చూపించి, "ఇంత లోహంలో బిందెడు హైడ్రోజన్ పడుతుందర్రా, కావలసినప్పుడు మళ్ళీ బయటికి తీసుకోవచ్చు" అన్నారు. వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు. నేను నవ్వలేదు. ఆ బిందె, ఆ అగ్గిపెట్టె నా బుర్రలో ఉండిపోయాయి.

ఆయన గదికి వెళ్ళి, మీ దగ్గర పీహెచ్‌డీ చేస్తానని చెప్పాను. ఆయన సంతోషించాల్సింది పోయి నన్ను ఎగాదిగా చూశారు.

"ఎందుకమ్మా నీకిది? మంచి మార్కులొచ్చాయి కదా, మందుల వైపు వెళ్ళకూడదూ?"

"నాకు మందులొద్దు సార్."

"ఊఁ" అన్నారు. ఏ మాటకైనా ముందు ఆయన ఊఁ అనుకోవాల్సిందే. "చూడమ్మా, నేను సంతకం పెట్టినా సరిపోదు. హెడ్డు గారు కూడా పెట్టాలి. ఇదంతా పనికిమాలిన పని అని ఆయన ఉద్దేశం. గ్యాసు దాచుకోవడానికి సిలిండర్లు లేవా అంటారు. ఈ వేసవిలో మన పరికరం మీద పని చెయ్యి. మన పొడి హైడ్రోజన్ పట్టుకుంటుందని ఒక్కసారి చూపించు. అప్పుడు నేనే నీ ఫారం తీసుకెళ్ళి ఆయన బల్ల మీద పెడతాను."

ఫారం అప్పటికే నింపి ఇచ్చాను. అందులో తండ్రి వృత్తి అన్నచోట "రైల్వే ఉద్యోగి" అని రాశాను. "ఏ డిపార్ట్‌మెంటులో?" అని సారు మామూలుగా అడిగితే "మెకానికల్ సార్" అని గబగబా చెప్పి మాట మార్చాను. మా నాయిన లాలాగూడ వర్క్‌షాపులో ఫిట్టరు. రైలు పెట్టెల కింద పడుకుని వాక్యూమ్ బ్రేకులు బాగుచేస్తాడు. అది దాచవలసినంత తప్పేమీ కాదని నాకూ తెలుసు. కానీ నాతో చదివినవాళ్ళ తండ్రులు వకీళ్ళు, లెక్చరర్లు, తహసీల్దార్లు. నాలుక అలా తిరిగింది, ఏం చేయను.

ఇంట్లో ఇంకో కాగితం ఉంది. ఆడపిల్లల బడిలో సైన్సు టీచరుగా రమ్మని వచ్చిన ఆర్డరు. జూన్‌లో బడి తెరిచే బుధవారం నాటికి చేరకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తారు. అమ్మ దాన్ని దేవుడి గూట్లో పసుపు డబ్బా కింద పెట్టింది. నేను ఎప్పుడు అటు చూసినా ఆ కాగితం అంచు కనిపించేది. బడి ఉద్యోగం చెడ్డదేం కాదు. కానీ దాంట్లో చేరితే నాకు ఇక ఈ గాజు గొట్టాల మొహం చూసే రాత లేదని నాకు గట్టిగా తెలుసు. అప్పటికి నాకు ఇరవై రెండేళ్ళు. అంత గట్టిగా మళ్ళీ దేన్నీ కోరుకోలేదు.

పరికరం గురించి రెండు ముక్కలు చెప్పాలి. కిటికీ పక్క బల్ల మీద పెద్ద బత్తాయంత గాజు బుడ్డి. దాన్నిండా హైడ్రోజన్. బుడ్డికి ఒక వైపు గాజు గొట్టం, దాని చివర మెగ్నీషియం, నికెల్ కలిపి కరిగించిన లోహపు పొడి. మధ్యలో తిప్పి మూసే గాజు బిరడా. ఇంకో వైపు పాదరసం నింపిన పొడుగాటి గొట్టం, వెనక స్కేలు. పొడి గనక హైడ్రోజన్‌ను లాక్కుంటే బుడ్డిలో ఒత్తిడి తగ్గి పాదరసం దిగుతుంది. ఎంత దిగిందో చూస్తే ఎంత తాగిందో లెక్క తెలుస్తుంది. అంతే, ఇందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు.

పొడిని వేడిచేసి, లోపలి గాలంతా లాగేసి, చల్లార్చి, హైడ్రోజన్ వదిలి కూర్చునేదాన్ని. మూడు వారాలు కూర్చున్నాను. పాదరసం కిందికి దిగలేదు. పొద్దుటికీ మధ్యాహ్నానికీ కొంచెం పైకి మాత్రం ఎక్కేది. ఎండకు గది వేడెక్కితే గ్యాసు ఉబ్బుతుంది, అది నాకు తెలుసు. అందుకని ఆ ఎక్కడాన్ని లెక్కలోకి తీసుకోలేదు. ఆ మాట గుర్తుపెట్టుకోండి, నా తెలివంతా అందులోనే ఉంది.

సారు రోజూ మధ్యాహ్నం భోజనానికి తార్నాక వెళ్ళి, కాస్త నడుం వాల్చి, సరిగ్గా నాలుగింటికి తిరిగి వచ్చేవారు. వస్తూనే గుమ్మంలో నిలబడి "ఏమైనా కదిలిందా?" అనేవారు. "లేదు సార్" అనేదాన్ని. మూడోవారం వచ్చేసరికి ఆయన అడగడం కూడా మానేసి, నా మొహం చూసి వెళ్ళిపోయేవారు. నాకు ఏడుపొచ్చేది.

మా డిపార్ట్‌మెంటు అటెండరు పెద్దాయన. క్యాంపసు పక్కన ఇప్పుడు మాణికేశ్వర్ నగర్ అంటున్న బస్తీలో ఉండేవాడు. కాకా అని పిలిచేదాన్ని. ఆ మధ్యాహ్నాల్లో ఆ గదిలో మనిషన్నవాడు కూర్చోలేడు. స్కేలు చదవడానికి వంగితే కనుబొమ్మల మీంచి చెమట కారి నోటుపుస్తకం మీద పడి అంకెలు అలికిపోయేవి. ఒకరోజు కాకా అది చూశాడు.

"గిదేంది బిడ్డా, గిట్ల ఉడికిపోతున్నవు? సారు గదికి ఖస్ తట్టీ ఉన్నది గదా. సారు నాలుగు గంటలదాక రాడు. జర గీడ కట్టుకుందాం. సారు వచ్చేలోపల మల్ల గాడ కట్టేస్త. ఎవ్వలకు తెల్వది."

"సారుకు తెలిస్తే కోప్పడరా కాకా?"

"తెలిస్తెగదా! నువ్వేం ఫికర్ చెయ్యకు."

నిజానికి నేను ఊరికే వద్దన్నట్టు నటించాను. సరిగ్గా రెండింటికి నేను రీడింగు తీసుకునే వేళకు కట్టమని సమయం చెప్పింది కూడా నేనే. మర్నాటి నుంచి కాకా రెండింటికి వట్టివేళ్ళ తడక తెచ్చి నా బల్ల పక్క కిటికీకి కట్టి, బకెట్టు నీళ్ళు చల్లి పోయేవాడు. వేడిగాలి ఆ తడిలోంచి దూరి చల్లగా, మట్టివాసనతో వచ్చేది. ప్రాణం లేచొచ్చినట్టుండేది. నాలుగింటికి పది నిమిషాల ముందు వచ్చి తడక విప్పి మళ్ళీ సారు గదికి కట్టేవాడు.

తడక కట్టిన మొదటి రోజే పాదరసం దిగింది.

నేను స్కేలు మూడుసార్లు చూశాను. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాను. ఇరవై మిల్లీమీటర్లకు పైనే దిగింది. అంతకుముందు రోజే పొడిని మరోసారి బాగా వేడిచేసి గాలి లాగాను కదా, ఆ వైద్యం ఇప్పుడు పనిచేసిందనుకున్నాను. సారు వచ్చేదాకా కుర్చీలోంచి లేవలేదు. ఆయన గుమ్మంలోకి రాగానే "దిగింది సార్!" అని కేకేశాను. ఆయన పరుగున వచ్చి వంగి చూస్తుండగా ఇంకో వింత జరిగింది. పాదరసం మెల్లగా మళ్ళీ ఎక్కసాగింది.

"తిరిగి ఇచ్చేస్తోంది!" అన్నారు సారు. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. "వేడి చెయ్యకుండానే ఇచ్చేస్తోందమ్మా!"

మర్నాడూ అంతే. ఆ తర్వాతి రోజూ అంతే. రెండింటికి పట్టుకుని నాలుగింటికి వదిలే లోహం ప్రపంచంలో ఇంకెక్కడా లేదని సారు అన్నారు. అది మాత్రం నూటికి నూరుపాళ్ళు నిజం. పది రోజులు అలాగే గడిచాయి. సారు నాకు క్యాంటీను నుంచి తన చేత్తో టీ తెచ్చి ఇచ్చారు. నేను నేల మీద నడవలేదు. హెడ్డు గారిని సోమవారం మధ్యాహ్నం రెండింటికి వచ్చి స్వయంగా చూడమని సారు పిలిచారు. ఆ రోజే సంతకాలు. బడి తెరిచేది ఆ బుధవారమే.

గురువారం సాయంత్రం నాయిన డ్యూటీ నుంచి వచ్చి క్వార్టర్సు ముందు అరుగు మీద కూర్చుని చేతుల గ్రీజు కడుక్కుంటున్నాడు. నేను నీళ్ళు పోస్తున్నాను. ఆపుకోలేక అంతా చెప్పాను. నాయిన చదివింది నాలుగో తరగతి. అయినా గేజీలు, గొట్టాలు, ఒత్తిళ్ళు ఆయనకు కొత్త కాదు. శ్రద్ధగా విన్నాడు.

"రెండు గంటలకు తాగుతది, నాలుగు గంటలకు కక్కుతది అంటవు. దినాం గదే టైముకా?"

"దినాం గదే టైముకు నాయినా."

"గడియారం చూసుకొని తాగుతదా బిడ్డా నీ పొడి?"

అమ్మ లోపల్నుంచి ఫక్కున నవ్వింది. నాకు ఒళ్ళు మండిపోయింది. నాయిన మాత్రం నవ్వలేదు, సబ్బు అరిగేదాకా వేళ్ళ సందులు తోముకుంటూనే ఉన్నాడు.

"డమ్మీ పెట్టి చూసినవా?" అన్నాడు.

డమ్మీ అంటే ఏమిటో ఆయనే చెప్పాడు. బండి నిలబెట్టి బ్రేకు పరీక్ష చేసేటప్పుడు వాక్యూమ్ గేజీ ముల్లు పడిపోతుంటే, అందరూ ముందు పెట్టె మీదే నేరం వేస్తారట. ఆ పెట్టె సిలిండరు లీకు అంటారు. నాయిన పెట్టె జోలికి పోడు. పెట్టెను విడదీసి, గొట్టం మూతికి డమ్మీ అనే ఉత్త ఇనుప మూత బిగించి, మళ్ళీ ముల్లు చూస్తాడు. పెట్టె లేకుండా కూడా ముల్లు పడిందంటే తప్పు పెట్టెది కాదు.

"పొడి లేకుంట ఒక్క దినం చూడు. అప్పుడు గూడ దిగిందనుకో, తాగేది పొడి గాదు, ఇంకేందో" అన్నాడు.

నాకు కోపం తలకెక్కింది. నేను ఎమ్మెస్సీ, ఫస్టు క్లాసు. "నీ బ్రేకులు వేరు, మా కెమిస్ట్రీ వేరు నాయినా. తెల్వంది చెప్పకు" అని చెంబు అక్కడే పెట్టి లోపలికి వచ్చేశాను. ఆయన చేతికి ఇంకా సబ్బు నురగ ఉంది. తనే చెంబు వంచుకుని కడుక్కున్నాడు. ఆ చెంబు అక్కడ పెట్టిన చప్పుడు నాకు ఇప్పటికీ గుర్తొస్తుంది. వచ్చినప్పుడల్లా నా మీద నాకే చీదర.

శుక్రవారమంతా ఆయన మాట తప్పని రుజువు చేయాలని కూర్చున్నాను, కానీ డమ్మీ పెట్టే ధైర్యం రాలేదు. శనివారం పెట్టాను. పొడి ఉన్న గొట్టానికి అడ్డంగా బిరడా తిప్పేశాను. ఇక బుడ్డిలో హైడ్రోజన్‌కు పొడితో ఏ సంబంధమూ లేదు. రెండైంది. కాకా తడక కట్టి నీళ్ళు చల్లాడు. చల్లగాలి వచ్చింది. నేను స్కేలు ముందు వంగి, కదలకు తల్లీ, కదలకు అని పాదరసాన్ని బతిమాలాను.

దిగింది. అదే ఇరవై చిల్లర.

గాజు బుడ్డి మీద చెయ్యి వేశాను. చల్లగా ఉంది. థర్మామీటరు ఎక్కడో తలుపు పక్కన గోడకు వేలాడుతుండేది. పొద్దున పదింటికి ఒకసారి చూసి ఆ అంకే రోజంతటికీ వేసుకునేదాన్ని. దాన్ని తెచ్చి బుడ్డి పక్కన వేలాడదీశాను. అది కూడా దిగింది. నాలుగింటికి కాకా తడక విప్పుకుపోగానే రెండూ కలిసి ఎక్కాయి. పది రోజులుగా హైడ్రోజన్ ఎక్కడికీ పోలేదు. బుడ్డి చల్లబడితే గ్యాసు ముడుచుకుంది, వేడెక్కితే ఉబ్బింది. పాదరసం ఎక్కితే ఎండ వల్ల అని నాకు తెలుసు, దిగితే మాత్రం నా గొప్ప అనుకున్నాను. ఇంటర్మీడియెట్ పిల్ల చెప్పగలిగిన సంగతిది.

ఆ సాయంత్రం సారు ఊళ్ళో లేరు, ఏదో పెళ్ళికి వెళ్ళారు. ఇంటికి వస్తూ దారంతా ఒకటే ఆలోచన. నోరు మూసుకుంటే? సోమవారం రెండింటికి కాకా తడక కడతాడు, పాదరసం దిగుతుంది, హెడ్డు గారు చూస్తారు, సంతకాలు పడతాయి. సీటు వచ్చాక మెల్లగా చెప్పుకోవచ్చు. ఇలా అనుకోలేదని ఇప్పుడు రాస్తే అది అబద్ధం. లాలాగూడ చేరేదాకా అదే అనుకున్నాను. ఇంటికి వచ్చాక నాయిన "పెట్టినవా?" అని ఒక్క మాట అడిగాడు. తల ఊపాను. "దిగిందా?" అన్నాడు. మళ్ళీ తల ఊపాను. ఆయన గెలిచినవాడిలా ఏమీ అనలేదు. "మీ సారుకు చెప్పి రా పో. లీకు తెలిసినంక బండిని పంపరాదు" అని మాత్రం అన్నాడు.

ఆదివారం పొద్దున్నే తార్నాక చౌరస్తా దాటి సారు ఇంటికి నడిచాను. సారు భార్య వాకిట్లో పాత చీర పరిచి వడియాలు పెడుతున్నారు. "రామ్మా, కూర్చో" అని మజ్జిగ ఇచ్చారు. తాగకుండా గ్లాసు చేత్తో పట్టుకునే ఉన్నాను. సారు రాగానే నిలబడి, వంచిన తల ఎత్తకుండా మొత్తం అప్పజెప్పాను. తడక సంగతి కూడా చెప్పాల్సి వచ్చింది. కాకాను ఏమీ అనకండి, అడిగింది నేనే అని కూడా చెప్పాను.

నా చెవుల్లో బడి గంట మోగింది.

"నాలుగింటికి తిరిగి ఇచ్చేదీ..." అన్నారు చివరికి.

"కాకా తడక విప్పేస్తాడు సార్, మీరొస్తారని."

"ఊఁ" అన్నారు. "అందుకా, నా తడక తాళ్ళకు రోజుకో కొత్త ముడి ఉండేది!"

ఆ తర్వాత ఆయన నవ్వారు. కళ్ళజోడు తీసి పంచె అంచుతో కళ్ళొత్తుకునేంత నవ్వారు. వడియాల పిండి చేత్తోనే ఆవిడ గుమ్మం దగ్గరికి వచ్చి, ఏమైందండీ అని కంగారుపడ్డారు. ఆయన లోపలికి వెళ్ళి ఒక కవరు తెచ్చారు. అంటించి, స్టాంపులు కూడా వేసిన కవరు. తను పై దేశంలో ఎవరి దగ్గర పనిచేశారో ఆ పెద్దాయనకు, మా వింత లోహం గురించి రాసిన ఉత్తరం. రేపు పొద్దున పోస్టు చేద్దామని పెట్టుకున్నారట.

"ఇది డబ్బాలో పడి ఉంటే ఆయన ముందు ఈ జన్మకు నేను తలెత్తుకునేవాణ్ణి కాదు" అంటూ కవరును నాలుగు ముక్కలు చేశారు. "వారం రోజులుగా నాకు నిద్ర సరిగా లేదమ్మా. ఇంత బాగా జరుగుతోందేమిటా అని లోపల ఏదో పీకుతూనే ఉంది. అయినా థర్మామీటరు ఎక్కడుందో చూడాలని నాకు తోచలేదు. నీ తప్పు సగమే. సరే, డమ్మీ పెట్టాలని నీకెవరు చెప్పారు?"

"మా నాయిన సార్."

"ఆయన కెమిస్టా?"

అప్పుడు చెప్పాను. లాలాగూడ వర్క్‌షాపు, వాక్యూమ్ బ్రేకులు, ఫిట్టరు. ఆ మూడు ముక్కలు అనగానే నా గుండెల మీంచి ఏదో బరువు దిగింది. సీటు పోతే పోయిందిలే అనిపించేంత తేలిగ్గా అయ్యాను. మజ్జిగ గడగడా తాగేశాను.

"రేపు రెండింటికి రా. పాదరసం దిగుతుందని హెడ్డు గారికి మాటిచ్చాం, దింపుదాం" అన్నారు సారు.

ఆ సాయంత్రమే తొలకరి పడింది. సోమవారం తెల్లారేసరికి క్యాంపసంతా చల్లబడిపోయింది. నేను గదిలోకి రాగానే కాకా "ఇయ్యాల తట్టీ ఎందుకు బిడ్డా, చల్లగనే ఉన్నది గదా" అన్నాడు. నేను నోరు మూసుకుని ఉంటే ఏమయ్యేదో అప్పుడు అర్థమైంది. తడక లేదు, ఎండ లేదు, రెండింటికి హెడ్డు గారి కళ్ళ ముందు పాదరసం బిగుసుకుని నిలబడేది. సారు పరువూ నా సీటూ ఒక్కసారే పోయేవి. స్టూలు మీద కూర్చుని, బతికిపోయాన్రా దేవుడా అని పైకే అన్నాను. కాకాకు ఏమీ అర్థం కాక, నీళ్ళు తాగమని గ్లాసు ఇచ్చాడు.

హెడ్డు గారు పాతబస్తీ మనిషి. సూటిగా మాట్లాడతారు. చేతులు వెనక్కి కట్టుకుని వచ్చి నిలబడ్డారు. సారు ఏ ఉపోద్ఘాతమూ లేకుండా కాకా భుజం మీది తువ్వాలు అడిగి తీసుకుని, కూజా నీళ్ళలో ముంచి, గాజు బుడ్డికి చుట్టారు. పాదరసం దిగింది.

"అరే, దిగింది గదా!" అన్నారు హెడ్డు గారు.

"గ్యాసు పొడిని తాకడం లేదండీ, బిరడా మూసి ఉంది. పది రోజులు ఇలాగే మోసపోయాం" అని సారు మొత్తం చెప్పారు. తన పొరపాటు ముందు చెప్పి, నాది తర్వాత చెప్పారు. హెడ్డు గారు చివరిదాకా విని, తువ్వాలు తనే విప్పి, పాదరసం మళ్ళీ ఎక్కేదాకా చూశారు.

"అయితే రిజల్టు నిల్. మరి సంతకం దేనికి పెట్టాలె?"

సారు పొడి ఉన్న గొట్టం మీద వేలు పెట్టారు.

"పొడి తాగుతుందో లేదో నాకింకా తెలియదండీ" అన్నారు నెమ్మదిగా. "తాగకపోతే తాగలేదని చెప్పే మనిషి కావాలి నాకు. ఈ అమ్మాయి ఆదివారం పూట మా ఇంటికి నడిచొచ్చి చెప్పింది."

హెడ్డు గారు ఫారం తీసుకుని పై నుంచి కింది దాకా చదివారు. ఒకచోట వేలు ఆగింది. "తండ్రి, రైల్వే ఉద్యోగి. ఏం ఉద్యోగం? ఆఫీసరా?"

"ఫిట్టరు సార్. వాక్యూమ్ బ్రేకు ఫిట్టరు. డమ్మీ పెట్టి చూడమన్నది ఆయనే."

"మరి అది రాయకుంట ఇదేంది?" అని ఫారం నా ముందుకు తోశారు. "సరిగ్గ రాయి."

కలం నాకు అందించింది సారు. "రైల్వే ఉద్యోగి" కొట్టేసి, పైన చిన్న అక్షరాలతో రాశాను. కొట్టివేత ఉంటే ఆఫీసులో కాగితం తీసుకోరు కదా, పక్కన పెద్దవాళ్ళు పొట్టి సంతకం పెట్టాలి. సారు పెట్టారు. హెడ్డు గారు దాని పక్కనే తనదీ పెట్టి, ఆ ఊపులోనే కింద, సారు సంతకం పక్కన, అసలు సంతకం కూడా చేసేశారు. "ఆ థర్మామీటరు జర దగ్గర పెట్టుకో అమ్మా" అని వెళ్ళిపోయారు.

ఆ పొడి నిజంగానే హైడ్రోజన్ తాగింది. కాకపోతే చలికాలం దాకా ఆగి, కొలిమిలో రోజులకొద్దీ వేడి మీద ఉంచితే, కొంచెం కొంచెంగా. అప్పటికి బుడ్డి చుట్టూ నీళ్ళ తొట్టి, అందులో థర్మామీటరు, పక్కనే పొడి లేని ఇంకో గొట్టం పెట్టుకున్నాం. నోటుపుస్తకంలో ఆ వరుసకు నేను డమ్మీ అనే పేరు రాసుకున్నాను. సారు దిద్దలేదు.

సోమవారం సాయంత్రం నేను ఇంటికి వెళ్ళలేదు, నేరుగా వర్క్‌షాపు గేటు దగ్గరికి వెళ్ళాను. సైరన్ మోగింది. సైకిళ్ళ గుంపులో నాయిన బయటికి వచ్చి, నన్ను చూసి గాభరాగా దిగాడు.

"ఏమాయె బిడ్డా? బడికి పోవుడేనా?"

"బడికి పోను నాయినా. సంతకాలైనయి. రెండు కింద, రెండు నీ పని రాసిన కాడ."

"నా పని రాసినవా?" అన్నాడు.

"రాసిన."

నాయిన సైకిలు స్టాండు వేసి, ప్యాంటు వెనక జేబులోంచి గుడ్డ తీసి, చేతుల గ్రీజు బాగా తుడుచుకున్నాడు. తుడుచుకుని, "ఏదీ, కాగితం తెచ్చినవా? చూపియ్యి" అని రెండు చేతులూ చాపాడు.